పదడుగుల స్వాగతం

నరసన్నపేట బస్టాండు వెనక సందులో తాయారు ఫ్లెక్సీ షాపు ఉంది. ఆ పొద్దున మిషను ఒక పటాన్ని పైనుంచి కిందికి, గీత పక్కన గీతగా, నిదానంగా దింపుతోంది. ముందు ఆకాశం వచ్చింది. ఆకాశంలోంచి రెక్కలు వచ్చాయి. వందలకొద్దీ రెక్కలు, ఒక్క ఉలికిపాటుకి విచ్చుకున్న తెల్లటి విసనకర్రలా. రెక్కల కింద పాలనురగలాంటి మంచు. మంచు కింద, ఎడమ మూలన, చింతచెట్టు మొదలు. ఆ మొదలు చుట్టూ కట్టిన గుడ్డపీలికలు ఒక్కొక్కటే తేలివచ్చేదాకా ప్రిస్కిల్లా నిలబడే ఉంది. అన్నీ కనిపించాక గాని కుర్చీలో కూర్చోలేదు.

"ఎవులక్కా ఈ పెద్దమనిషి?" తాయారు కంప్యూటర్లో ఇంకో ఫొటో తెరిచి అడిగింది.

"మా గురువుగారు. జగన్నాధం గారు."

"పక్కన దీపం పెట్టీమంటావేటి? పటానికి దండెయ్యమంటావేటి?"

"బతికే ఉన్నారు తాయారూ."

"అయ్యయ్యో! తప్పు తప్పు." తాయారు లెంపలేసుకుంది. "అయితే దండం పెడతన్న ఫొటో పెట్టీనా?"

"నవ్వుతున్నది పెట్టు. బాగా నవ్వుతున్నది."

అక్షరాలు ప్రిస్కిల్లాయే రాసి తెచ్చింది. 'పక్షిమిత్రులు, మా ఊరి ఆత్మీయులు శ్రీ జగన్నాధం గారికి నత్తలవలస గ్రామప్రజల సాదర స్వాగతం.' కింద చిన్నగా, 'చిత్రం: జగన్నాధం.' ఏడేళ్ళ పగని ఇంత మర్యాదగా రాయగలగడం ఆమెకే వింతగా ఉంది. పదిహేనడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు. అంతకన్నా తగ్గితే గుడ్డపీలికలు చుక్కలైపోతాయి.

ప్రిస్కిల్లాది నెల్లిమర్ల. తండ్రి ఎజ్రా జూట్‌మిల్లులో పనిచేసి ఇంటికొచ్చేసరికి కనుబొమల మీద నారదుమ్ము పేరుకుని ఉండేది. తల్లి ఏసమ్మ బాప్టిస్టు చర్చిలో పాట ఎత్తుకునే మనిషి. డిగ్రీ అయ్యాక బీఈడీ చదవమన్నారు ఇంట్లో. ఆ పిల్ల బస్సెక్కి నరసన్నపేట వెళ్ళి జగన్నాధం స్టూడియోలో చేరింది. పెళ్ళిళ్ళు, పాస్‌పోర్టు సైజులు ఆయనకి తిండి పెట్టేవి. ఊళ్ళు తిరిగి తీసే పటాలు ఆయనకి పేరు పెట్టేవి. హోటళ్ళ గోడలకి, టూరిజం క్యాలెండర్లకి, ఇంగ్లీషు పత్రికలకి ఆయన పంపే కొండలూ సముద్రాలూ చూసి ఆమె ఆ పనే తనకి కావాలనుకుంది.

ఆయన నేర్పింది తక్కువేమీ కాదు. వెలుతురు కోసం కొంగలా ఒంటికాలి మీద కాచుకోవడం ఆయన దగ్గరే నేర్చుకుంది. ఒక గుట్ట ఎదుట మూడు గంటలు ఊరికే కూర్చుని, నాలుగో గంటలో ఒక్క క్షణం బంగారం పడితే దాన్ని జారనివ్వకపోవడం నేర్చుకుంది. మిగిలినవి తనే నేర్చుకుంది. సాలూరులో ఘాటీ ఎక్కే లారీల వాళ్ళందరికీ ఆమె తెలుసు. ముందు సీటులో కూర్చోబెట్టుకుని, మంచి మలుపు వచ్చినప్పుడు "కెమెరామ్మా, దిగుతావేటి?" అని వాళ్ళే బండి ఆపుతారు. ఇక ఎక్కడ పడుకోవాలన్న ప్రశ్నకి, మగ ఫొటోగ్రాఫర్లకి లేని జవాబు ఆమెకి ఉంది. ఏ ఊరికి వెళ్ళినా ఒక చర్చి ఉంటుంది, చర్చి వెనక పాస్టరుగారి ఇల్లు ఉంటుంది. 'నెల్లిమర్ల ఎజ్రాగారి అమ్మాయిని' అంటే చాలు, చాప పరుచుకుంటుంది, కంచంలో చారు పడుతుంది.

అలా ఇరవయ్యారేళ్ళు వచ్చాయి. రెండువేల పన్నెండు శ్రావణం వచ్చింది.

నత్తలవలసకి ఏటా వానలతోపాటు గుల్లకొంగలు వస్తాయి. చెరువుల్లో నత్తలు తిని, ఊరి చింతచెట్ల మీద గూళ్ళు కట్టి, పిల్లల్ని లేపి, చలి ముదిరేలోగా వెళ్ళిపోతాయి. ఆ ఊరి ఆడవాళ్ళకి అవి పక్షులు కావు, పురిటికి పుట్టింటికొచ్చిన కూతుళ్ళు. తొలి జంట వాలిన రోజున ప్రతి ఇంటి నుంచీ ఒకావిడ తన ఇంటి ఆడపిల్ల కోకలోంచి ఒక పీలిక చింపి, పసుపునీళ్ళు చిలకరించి పెద్దచింత మొదలుకి కడుతుంది. కొంగలు వెళ్ళిపోయేదాకా ఊళ్ళో డప్పు గట్టిగా మోగదు. దీపావళికి టపాసు కాలదు. పిల్లలు కాకరపువ్వొత్తులతో సరిపెట్టుకుంటారు.

జగన్నాధం ఆ ఊరికి ఇరవై ఏళ్ళుగా తెలుసు. పింఛను కార్డులకి ముసలివాళ్ళందరికీ ఊరికే ఫొటోలు తీసిపెట్టినవాడు. ఆ పొద్దున ఆయన మూడుకాళ్ళ స్టాండు మీద కెమెరా పెట్టుకుని రెండు గంటలు కాచాడు. కొంగలు గూళ్ళలో కదలకుండా కూర్చున్నాయి. ఆయనకి కావలసింది కూర్చున్న కొంగలు కాదు. ప్రిస్కిల్లా చేతిలో వెలిగించిన అగరొత్తి ఉంది. గాలికి అగ్గిపుల్ల నిలవదని ఆయన ఎప్పుడూ సిగరెట్టు దానితోనే ముట్టించుకుంటాడు. ఆయన వంగాడు. ఆమె చెయ్యి చాచింది. ఆయన నోటిలో సిగరెట్టు లేదనీ చేతిలో టపాసుల సరం ఉందనీ ఆమె చూసేసరికి వత్తికి నిప్పు అంటుకుంది. ఆయన సరాన్ని చెట్టు కిందికి విసిరి కెమెరా వెనక్కి వెళ్ళాడు.

ఆకాశం చిరిగిపోయినట్టయింది. ఊరి మీదికి రెక్కల నీడలు పడ్డాయి. గూళ్ళ అంచుల నుంచి ఇంకా ఎగరలేని పిల్లలు పండ్లలా రాలాయి. పొగ చెట్టు కిందే తెల్లగా పరుచుకుని నిలిచిపోయింది. ఊరు ఊరంతా పరిగెత్తుకొచ్చేసరికి జగన్నాధం కెమెరా సంచిలో ఉంది, స్టాండు ఆటోలో ఉంది, అగరొత్తి ప్రిస్కిల్లా చేతిలో ఉంది.

"పిల్లతనం ఎర్రన్న గారూ," ఆయన ఊరిపెద్దతో గొంతు వణికించి చెప్పాడు. "ఎగిరితే చూద్దామని కాల్చేసింది. నేను ఆటో దగ్గరున్నాను. ఆ పిట్టల మీద ఒట్టు, నేను ఒక్క బొమ్మ కూడా తియ్యలేదు. ఇంత పాపం జరిగితే ఎవడికి చెయ్యాడుతుంది?"

ప్రిస్కిల్లా అరిచింది, ఏడ్చింది, ఒట్టేసింది. ఏ దేవుడి మీద ఒట్టేసినా ఆమె ఒట్టు చేతిలోని అగరొత్తికి తూగలేదు. లక్ష్మణమ్మ అనే పెద్దావిడ ముందుకొచ్చి, ఆమె చున్నీ లాగి నేల మీద పరిచింది. "ఏరు," అంది. ప్రిస్కిల్లా ఏరింది. పద్నాలుగు పిల్లలు. కొన్నింటికి ఇంకా వెచ్చన తగ్గలేదు. వాటిని ఆమె చేతనే పూడ్పించి, కాలవ చప్టా దాకా నడిపించి, "ఈ చప్టా దాటి మా ఊళ్ళో అడుగెట్టకు," అంది లక్ష్మణమ్మ. వెనక జగన్నాధం తల వంచుకుని నిలబడ్డాడు. పెద్దవాళ్ళ సంతాపంలా ఉంది ఆ వంపు.

మాట కాళ్ళు లేకుండా నడుస్తుంది. పేపరు జిల్లా పేజీలో చిన్న ముక్క పడింది. ఆ తర్వాత ఆమె ఏ చెరువుకి వెళ్ళినా, ఏ మడ అడవికి వెళ్ళినా, కాపలా మనిషి ముందు పేరు అడిగేవాడు. పేరు విన్నాక, "ఓ, కొంగల్ని సంపిన గుంటవా," అనేవాడు. పక్షుల పని ఇచ్చే పత్రికలు జవాబులు రాయడం మానేశాయి. ఆమె కొండలు తీసుకుంది, జలపాతాలు తీసుకుంది, సంతలు తీసుకుంది, హోటలు గదుల మంచాలు కూడా తీసింది. రెక్క ఉన్నదేదీ ఆమెకి మిగల్లేదు.

మరుసటి ఏడు విశాఖలో ఒక హోటలు లిఫ్టు పక్కన ఆ పటం చూసింది. 'దక్షిణాదిలో ఒక సరస్సు, మార్గశిరపు మంచు. జాతీయ బహుమతి పొందిన చిత్రం.' కింద జగన్నాధం పేరు. లిఫ్టు వచ్చింది, వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. ఆమె కదల్లేదు. ఆ మంచు వాసన ఆమెకి తెలుసు. గంధకం వాసన.

ఒక పత్రికలో అచ్చయిన ఆ పటాన్ని కత్తిరించి నత్తలవలస పంపింది కూడా. తీసుకెళ్ళినవాడు ఆ ఊరి ఆటో గంగులు. ఆ రోజు వాళ్ళిద్దర్నీ ఊళ్ళోకి తెచ్చింది అతని ఆటోయే. టపాసుల పొట్లం జగన్నాధం సంచిలో చూసి కూడా, తన బండిలోనే ఆ పాపం ఊళ్ళోకి వచ్చిందని తెలిస్తే తనని వెలివేస్తారన్న భయంతో నోరు కట్టుకున్నవాడు. ఆ సంగతి రెండేళ్ళకి ప్రిస్కిల్లా దగ్గర ఒప్పుకున్నాడు, ఊరి దగ్గర ఒప్పుకోలేదు. కార్డుముక్కంత బొమ్మని ఎర్రన్న కళ్ళద్దాలు పెట్టుకుని చూసి, కింద రాసింది చదివి, "ఇది మంచురా. ఎక్కడిదో," అని తిరిగి ఇచ్చేశాడట. అచ్చులో ఉన్నదానికి ఎదురేముంది?

"పగ దేవుడికి ఒగ్గీయే," అనేది ఏసమ్మ, కూతురు అన్నం కంచం ముందు గోడకేసి చూస్తూ కూర్చుంటే. "ఆయన సూసుకుంటాడు."

"దేవుడు పెద్ద సైజులో చూపించడమ్మా," అనేది ప్రిస్కిల్లా.

ఆ పెద్ద సైజు ఏడో ఏట తనంతట తనే వచ్చింది. జగన్నాధం షష్టిపూర్తికి ఆయన కొడుకు తండ్రి పటాలన్నీ అసలు సైజులో ఇంటర్నెట్టులో పెట్టి, 'నాన్నగారి కానుక' అని పాత శిష్యుల వాట్సాప్ గ్రూపులో లింకు పంపాడు. ఆ గ్రూపులోంచి ప్రిస్కిల్లాని తీసెయ్యాలని ఎవరికీ తోచలేదు. ఆమె ఆ పటాన్ని దింపుకుని, తెర మీద పెంచుకుంటూ, పెంచుకుంటూ పోయింది. చెట్టు మొదలు దగ్గర ఆగింది. ఆకుపచ్చ చుక్కలు, ఎర్రంచు. ఒక్కొక్క పీలిక ఒక్కొక్క ఇంటి కోక. గూళ్ళలో నోళ్ళు తెరిచిన పిల్లలు. ఆమె నవ్వింది. ఏడేళ్ళలో ఆ ఇంట్లో వినపడిన మొదటి పెద్ద నవ్వుకి ఏసమ్మ వంటింట్లోంచి భయపడి వచ్చింది.

అదే నెలలో గంగులు ఫోన్ చేశాడు. తిత్లీ తుఫానుకి పెద్దచింతతో సహా ఊరి చెట్లు సగం కూలిపోయాయి కదా, కొంగలకి కొత్త చెట్లు నాటుతారట. మొక్కలు జగన్నాధం గారిస్తాడట, పేపరువాళ్ళనీ టీవీ వాళ్ళనీ వెంటబెట్టుకుని ఆదివారం వస్తాడట.

"గంగులన్నా, ఆయనకి స్వాగతం ఫ్లెక్సీ కట్టారా?"

"నేదు పాపా. ఎవులికి తోస్తాది?"

"నేను పంపిస్తాను. నువ్వు కట్టు చాలు."

అవతల ఆటో ఇంజను ఆగింది. "కడతాను," అన్నాడు గంగులు.

ఆదివారం ఆమె చర్చికి వెళ్ళలేదు. తెల్లారేసరికి కాలవ చప్టాకి ఇవతల, పొలం గట్టు మీద కూర్చుంది. తన కెమెరాకి చేతిపొడుగు లెన్సు బిగించింది. ఊరి ముందరి జంక్షను అర కిలోమీటరు దూరంలో ఉంది. లెన్సులో చెయ్యి చాస్తే అందేలా ఉంది. చెవిలో ఫోను. గంగులు తన ఫోను లైను కట్ చేయకుండా చొక్కా జేబులో పెట్టుకున్నాడు. కంటికి బొమ్మ, చెవికి మాట.

జంక్షన్లో గంగులు కట్టిన ఫ్లెక్సీ దగ్గర ముందు ఆడవాళ్ళు మూగారు. వాళ్ళకి ఆ నవ్వే మనిషి పట్టలేదు.

"ఒసే, మన పెద్దసింతే ఇది!"

"అవునే! ఆ కొమ్మ వంకర సూడు. తిత్లీకి పోయిన సెట్టు మళ్ళీ వచ్చీసినాది."

ఒకావిడ ఫ్లెక్సీలోని చెట్టు మొదలుని అరచేత్తో నిమిరింది. లెన్సులో ఆ చేతి గాజులు కూడా కనిపించాయి. ప్రిస్కిల్లా ఒక్క క్షణం లెన్సు నుంచి కన్ను తీసింది. మళ్ళీ పెట్టింది. ఈ రోజు కరగడానికి కాదు.

కారు వచ్చింది. వెనక మొక్కల వ్యాను. జగన్నాధం తెల్లబట్టల్లో దిగాడు. ఎర్రన్న దండ వేశాడు. దండలోంచి తల ఎత్తి జగన్నాధం ఫ్లెక్సీ చూశాడు. నవ్వు మొహం మీదే ఉండిపోయింది, లోపలి మనిషి మాత్రం దిగిపోయాడు. ప్రిస్కిల్లా మీట నొక్కింది.

"బాబూ," లక్ష్మణమ్మ గొంతు. వయసు పెరిగింది గాని వాడి తగ్గలేదు. "ఈ పటం నువ్వేనేటి తీసినావు?"

మైకులు ముందుకొచ్చాయి. పేరు అచ్చులో ఉంది, బహుమతి సంగతి అందరికీ తెలుసు. కాదనడానికి దారి లేదు. "నేనేనమ్మా. కాకపోతే ఇది మన ఊరు కాదు. దక్షిణాదిలో ఒక సరస్సు. మార్గశిరమాసం, మంచు..."

"మార్గశిరంలో గుల్లకొంగ పిల్లలు గూట్లో నోళ్ళు తెరుచుకు కూకుంటాయేటి?"

ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఇలగ రా. ఇది సూడు." లక్ష్మణమ్మ వేలు ఫ్లెక్సీ మీద టప్‌మని తగిలిన చప్పుడు ఫోన్లో వినిపించింది. "ఆకుపచ్చ సుక్కలు, ఎర్రంచు. మా సుహాసిని పురిటికొచ్చిన ఏడు నా సేత్తో సింపి కట్టినాను. నా కూతురి కోక దక్షిణాదికి ఎలగెల్లిందో సెప్పు బాబూ."

"ఇది మా కోడల్ది," ఇంకొకావిడ. "ఇది మాది!" ఇంకొకావిడ. పటంలో ప్రతి పీలికకీ ఒక వేలు వచ్చింది.

ఎర్రన్న కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "ఇది మంచు కాదు," అన్నాడు మెల్లగా. "పొగ. ఒక్క బొమ్మా తియ్యలేదని పిట్టల మీద ఒట్టేసినావు గదా మాస్టారూ."

"ఏడేళ్ళయింది, నాకు సరిగ్గా... ఆ అమ్మాయి కాల్చిందని చెప్పాను కదండీ. కాలిస్తే అప్పుడు..."

"ఆ గుంట కాలస్తాదని నీకు ముందే తెలిసి, మూడుకాళ్ళ కర్ర మీద కెమేరా పెట్టుకు ఎదురు సూస్తన్నావేటి?" అంది లక్ష్మణమ్మ.

అప్పుడు గంగులు మాట, జేబుకి దగ్గరగా, ఉరిమినట్టు వచ్చింది. "టపాసులు ఆయన సంచీలోనే ఉన్నాయి. నా ఆటోలోనే వచ్చినాయి. నాను సూసినాను."

వెంటనే చెంప మీద దెబ్బ చప్పుడు. లెన్సులో గంగులు తల ఒక పక్కకి ఊగింది.

"ఏడేళ్ళు నోట్లో ఏటెట్టుకున్నావురా!" లక్ష్మణమ్మ అతని జేబులో వెలుగుతున్న ఫోను లాక్కుంది. "ఎవులున్నారు ఇందులో? ఒసే పిల్లా, నువ్వేనా? ఎక్కడున్నావు?"

"చప్టా ఇవతల ఉన్నానమ్మా."

"దాటి రా."

ఏడేళ్ళుగా ఆ రెండు మాటల కోసమే ప్రిస్కిల్లా బతికింది. తీరా వినపడ్డాక ఏడుపు రాలేదు. "వస్తున్నాను," అంది, పొడుగు లెన్సు విప్పి చిన్నది బిగిస్తూ. "ఆయన్ని మాత్రం కదలనివ్వకండి. ఎండ ఇంకా మొహం మీదే ఉంది."

ఆమె వెళ్ళేసరికి వ్యానులోంచి దింపిన మొక్కల్ని ఆడవాళ్ళు తిరిగి వ్యానులోకి ఎక్కిస్తున్నారు. ఎవరూ తిట్టడం లేదు. ఒక్కొక్క మొక్కనీ జాగ్రత్తగా, పరాయివాళ్ళ వస్తువుని అప్పగించినట్టు పెడుతున్నారు. జగన్నాధం మెళ్ళో దండ అలాగే ఉంది. దాన్ని తియ్యడమా మానడమా అన్నది కూడా ఎవరో చెప్పాలన్నట్టు నిలబడ్డాడు. టీవీ అతను మైకు చాచి ఏదో అడుగుతున్నాడు.

ప్రిస్కిల్లా రెండడుగుల దూరంలో ఆగి కెమెరా ఎత్తింది.

"వద్దమ్మా," అన్నాడు జగన్నాధం. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నీకు పని నేర్పినవాణ్ణి."

"అందుకే సార్, ఇంత బాగా వస్తోంది."

వెనక పదడుగుల నవ్వు, ముందు ఆ నవ్వు రాలిపోయిన మొహం. ఆమె తొందరపడలేదు. ఆయన కన్ను తుడుచుకోబోయి, చెయ్యి దండకి తగిలి ఆగిన క్షణం దాకా కాచి, అప్పుడు నొక్కింది.

కారు తలుపు వేసుకుంది. నల్ల అద్దం పైకి లేచింది. వ్యాను వెనక్కి తిరిగేటప్పుడు ఆకులు ఊగాయి.

లక్ష్మణమ్మ ప్రిస్కిల్లాని పైనుంచి కిందికి చూసింది. "సిక్కిపోయినావు," అంది. తర్వాత కెమెరా వైపు చెయ్యి చాచి, "ఏటి తీసినావో సూపించు," అంది. తెర మీద బొమ్మని చాలాసేపు చూసింది.

"ఏడుపు మొకం. తుడిపీ. నీ పగ తీరిపోనాది గదా."

"తుడపనమ్మా."

"ఎందుకే?"

"ఏడేళ్ళు నా మొహం ఇలాగే ఉంది. దాన్ని ఎవరూ తీసిపెట్టలేదు."

ముసలావిడ బొమ్మ మీంచి చూపు తీసి ఆమె మొహం చూసింది. ఆ తర్వాత, "అగరొత్తి మాత్రం నీ సేతిలోదే," అంది.

"నా చేతిలోదే," అంది ప్రిస్కిల్లా. "ఆ పద్నాలుగూ నాకింకా కలలోకి వస్తాయి."

"వస్తాయి." లక్ష్మణమ్మ కెమెరా తిరిగి ఆమె చేతిలో పెట్టింది. "నన్నెవులైనా అలగ సేసుంటే నానూ తుడపను గాని, రా, గంజి తాగి పో."

మిగిలిన చింతల మీద కొంగలు ముక్కులు టకటకలాడిస్తున్నాయి. కొత్త జంటలు వాలుతూనే ఉన్నాయి, లేత ఎండ వాటి రెక్కల్లోంచి దిగుతోంది. ఏ పత్రికైనా కళ్ళకద్దుకునే వెలుతురు అది. ప్రిస్కిల్లా తలెత్తి చూసింది. తర్వాత లెన్సుకి మూత పెట్టేసి, లక్ష్మణమ్మ వెనక ఊళ్ళోకి నడిచింది. ఆ పూటకి ఆమెకి కావలసిన బొమ్మ దొరికింది.